గంజి పోయింది, పొగ పోయింది, చేట పుచ్చింది

(ఒక ఆదివారం కాలనీ కమ్యూనిటీ హాల్లో మాట్లాడినదాన్ని రికార్డింగ్ విని టైప్ చేసింది. మాట్లాడినట్టే ఉంచేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? మైక్ కాస్త గరగరమంటోంది, సర్దుకుపోండి. నేను రాసుకొచ్చింది ఏం లేదు, ఇదిగో టేబుల్ మీద సామాను పెట్టుకున్నా, ఒక్కోటి చేతిలోకి తీసుకుని మాట్లాడతా, మధ్యలో డౌట్ వస్తే అక్కడే ఆపేయండి.

ఈమధ్య అందరూ మళ్ళీ రోళ్ళు కొంటున్నారు, మట్టి చట్లు కొంటున్నారు, రాచిప్పలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు, మంచిదే. కానీ కొన్ని నెలలు తిరిగేసరికి చట్టి బీటిచ్చిందనీ చేట పుచ్చిందనీ కవ్వానికి బూజు పట్టిందనీ నాకు ఫోన్లు. ఫోన్లో అందరూ అనే మాట కూడా ఒకటే, "మా అమ్మమ్మ వాళ్ళింట్లో వీటికి ఏమీ చేసేవాళ్ళు కాదండీ, అయినా తరాల తరబడి ఉన్నాయి" అని. అక్కడే ఉంది తిరకాసు. ఏమీ చెయ్యనట్టు మనకి కనపడింది గానీ, ఆ వంటిల్లే అన్నీ చేసిపెట్టేది. కట్టెల పొయ్యి పొగ రోజూ పైకెళ్ళి అటక మీద చేటలకీ బుట్టలకీ పట్టేది. అన్నం వార్చేవాళ్ళు కాబట్టి గంజి ఎప్పుడూ ఉండేది. తోముకోడానికి బూడిద పొయ్యిలోనే ఉండేది, పెరట్లో పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండ, పైగా ఏ వస్తువూ వాడకుండా రోజులకి రోజులు పడుండేది కాదు. ఇప్పుడు మన ఫ్లాట్లలో గ్యాస్ పొయ్యికి పొగ లేదు, కుక్కర్ అన్నానికి గంజి లేదు, బాల్కనీలో ఎండ వచ్చిందంటే వచ్చింది లేదంటే లేదు, రోలేమో హాల్లో మనీప్లాంట్ పక్కన షోకి. అందుకని అప్పట్లో వాటంతట అవే జరిగిపోయినవి ఇప్పుడు మనం పనిగట్టుకుని చెయ్యాలి. నేను చెప్పొచ్చింది ఇదే, ఇక మిగతాది ఎలా అన్నది.

రాచిప్పతో మొదలుపెడతా, ఎందుకంటే డబ్బులు ఎక్కువ పోయేది దీనిమీదే. ఇది బలపపు రాయి, చిన్నప్పుడు పలక మీద రాసుకున్న బలపం జాతే. తమిళనాడు వాళ్ళు కల్‌చట్టి అంటారు, సేలం వైపు నుంచి చాలా వస్తాయి. ఈ రాయిలో ఎక్కువ భాగం టాల్క్. ఖనిజాల గట్టిదనం చూడ్డానికి మోస్ స్కేల్ అని ఒకటుంది, 1 నుంచి 10 దాకా, వజ్రం 10, టాల్క్ 1. అంటే అన్నిటికంటే మెత్తనిది. కొత్త చిప్ప అడుగున గోరుతో గీరితే తెల్లగా గీత పడుతుంది చూడండి, ఇదిగో... పడింది కదా. మరి దీన్ని స్టీల్ పీచు పెట్టి బరబరా తోమితే ఏమవుతుందో మీరే చెప్పండి. కొబ్బరి పీచు చాలు. మెత్తనిది కాబట్టే చెక్కి గిన్నె చెయ్యగలిగారు, వేడి పట్టి ఉంచుకుంటుంది కాబట్టే పులుసుకి, పప్పుచారుకి వాడారు. పొయ్యి కట్టేశాక కూడా కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది, అందుకని పులుసు ఇంకొంచెం మరగాలి అనుకున్నప్పుడే స్టవ్ ఆపెయ్యండి, మిగతా పని చిప్ప చూసుకుంటుంది.

కొత్తది కొన్నప్పుడు ముందు తట్టి చూడాలి. ఈ రెండూ వినండి, వేలి కణుపుతో కొడుతున్నా. ఇది ఖంగుమంది. ఇప్పుడు రెండోది... డబ్ అని చచ్చుగా వచ్చింది, విన్నారా? పైకి చూస్తే ఏమీ లేదు, కానీ ఇక్కడ అంచు కింద సన్న నెర్రె ఉంది, తడి గుడ్డతో తుడిస్తే బయటపడుతుంది, చిప్పంతా ఆరిపోయినా నెర్రె ఉన్నచోట ఇంకా చెమ్మగా గీతలా కనపడుతుంది. దీన్ని పొయ్యి మీద పెట్టకూడదు. పారెయ్యక్కర్లేదు, ఉప్పు పోసుకోండి, చింతపండు పెట్టుకోండి.

మంచి చిప్పని పదును చెయ్యడం ఎలాగంటే, ముందు కడిగి బాగా ఆరనిచ్చి లోపలా బయటా ఆముదంలో పసుపు కలిపి పట్టించి ఒకటి రెండు రోజులు వదిలెయ్యాలి. రాయి ఆముదం తాగుతుంది, రంగు ముదురుతుంది, పొద్దునకి తడి కనపడకపోతే ఇంకోసారి రాయండి. ఆముదమే ఎందుకంటే మిగతా నూనెలంత తొందరగా కమటు వాసన రాదు, చిక్కగా ఉండి పట్టుకుంటుంది. తర్వాత గంజి. మొదటిరోజు గోరువెచ్చగా పోసి వదిలెయ్యండి, మర్నాడు పారబోసి ఇంకాస్త వేడిది, ఆ మర్నాడు ఇంకాస్త, అలా వారం పది రోజులు. కుక్కర్ వాళ్ళు ఆ వారం పదిరోజులన్నా అన్నం వార్చుకోండి, లేదా గుప్పెడు బియ్యప్పిండి నీళ్ళలో కాచుకోండి, అదీ పనిచేస్తుంది. రాయి సందుల్లో ఉన్న చెమ్మ మెల్లమెల్లగా పోవాలి, ఆ సందుల్లోకి నూనె, గంజి పట్టాలి, ఇదీ దాని వెనకున్న కథ. ఇవేమీ చెయ్యకుండా తెచ్చిన రోజే పెద్ద మంట మీద పెట్టేస్తే అడుగు ఒక్కసారి వేడెక్కి సాగుతుంది, అంచు చల్లగానే ఉంటుంది, మధ్యలో టప్పున చీలుతుంది. గంజి వారం అయ్యాక సిమ్‌లో నీళ్ళు కాచి, ఆ తర్వాతే పులుసు. ఎప్పుడూ ఖాళీ చిప్ప పొయ్యెక్కించకూడదు, వేడి చిప్పలో చన్నీళ్ళు పొయ్యకూడదు, దించినది తడి గ్రానైట్ గట్టు మీద పెట్టకూడదు, చెక్క పీట మీదో చుట్టకుదురు మీదో పెట్టండి. ఇండక్షన్ మీద ఇది పనిచెయ్యదు, ఎవరో అడుగుతారని ముందే చెప్పేస్తున్నా.

ఇక రోలు. దీనికి వేడి భయం లేదు, ఎండలో వానలో ఉన్నా ఏమీ కాదు. గ్రానైట్ ఆ మోస్ స్కేల్ మీద 6, 7 దగ్గర ఉంటుంది. దీని జబ్బు వేరే, అరిగి నున్నబడటం. చెయ్యి తడి చేసుకుని రోటి అడుగున వేళ్ళతో రుద్ది చూడండి. వేలు అక్కడక్కడ తగులుకుంటూ వెళ్తే బాగున్నట్టు. ఎక్కడా తగలకుండా జర్రున జారిపోతే దానికి గంట్లు కొట్టించాలి. నున్నబడ్డ రోట్లో ఎంత రుబ్బినా పప్పు పక్కకి జారుతుంది, నలగదు, మనమేమో చేతిలో బలం తగ్గిపోయిందనుకుంటాం. మా చిన్నప్పుడు వీధిలో కేకలు వినపడేవి, రోళ్ళకి తిరగళ్ళకి గంట్లు కొడతామమ్మా అని. వడ్డెర వాళ్ళు ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చేవాళ్ళు, ఇంటి ముందు కూచుని మధ్యలోంచి అంచుకి వరసగా ఒక్కో దెబ్బకి ఒక్కో గింజంత గుంట పెట్టుకుంటూ పోయేవాళ్ళు. దెబ్బ అంతా ఒకే బలంతో పడాలి, ఒకచోట లోతు ఎక్కువైతే అక్కడ పిండి ఇరుక్కుని పులిసి కంపు కొడుతుంది. ఇప్పుడు ఆ కేక వినపడాలంటే కష్టం, కానీ ఊరి చివర రోడ్డు పక్కన రోళ్ళు అమ్మేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళనడిగితే కొట్టిపెడతారు, వెట్ గ్రైండర్ రాళ్ళు కూడా పట్టుకెళ్ళండి, అవీ రాళ్ళే కదా, అవీ అరుగుతాయి. రెండువందలకి మూడువందలకి బేరాలాడకండి వాళ్ళతో, ఆ పని చేసే చేతులు ఎన్నో మిగల్లేదు.

గంట్లు కొట్టించినదైనా కొత్తదైనా వెంటనే పచ్చడి నూరకండి, రాతిపొడి ఉంటుంది. ముందు కొబ్బరి పీచుతో కడిగి, తవుడు వేసి రుబ్బి పారెయ్యాలి, ఆ తర్వాత నూకలు నానబెట్టి రుబ్బాలి. ముద్ద మొదట బూడిదరంగులో వస్తుంది. తీసెయ్యండి, మళ్ళీ నూకలు. ముద్ద తెల్లగా వచ్చి, రెండు వేళ్ళ మధ్య నలిపితే గరుకు తగలకపోతే అప్పుడు రోలు రెడీ అయినట్టు. కొంతమంది షాపులవాళ్ళు నల్లగా నిగనిగలాడాలని రంగో గ్రీజో పూసి అమ్ముతున్నారు, తెల్లగుడ్డ తడిపి గట్టిగా రుద్దండి, నల్లగా అంటుకుంటే కొనకండి. అలాగే తెల్ల పాలరాతి రోళ్ళు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, పులుపు తగిలితే కరుగుతుంది. మనమేమో రోట్లో నూరేది చింతపండు, మామిడికాయ, గోంగూర. పచ్చడితోపాటు రోలు కూడా కాస్త కాస్త తింటున్నట్టే లెక్క. యాలకులు, మిరియాలు లాంటి పొడి సామాను దంచుకోడానికి వాడుకోండి, పులుపు మాత్రం వద్దు.

కడగడానికి సబ్బు అక్కర్లేదు. వెల్లుల్లి వాసన వదలాలంటే గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి నూరి పారబోసి కడిగెయ్యండి. ఇంకోటి, దంచే రోలు వేరు రుబ్బురోలు వేరు. రుబ్బురోట్లో రోకలి పెట్టి దంచితే అడుగు పగులుతుంది, పొత్రం తిప్పడానికే అది.

రోకలి మర్చిపోయా. ఇది చండ్ర కర్ర, తుమ్మకర్ర కూడా వాడతారు. కింద ఈ ఇనప కడియం చూడండి, పొన్ను అంటారు. ఎండాకాలం కర్ర ఎండి సన్నబడుతుంది, పొన్ను వదులైపోతుంది, దంచుతుంటే గలగలా చప్పుడొస్తుంది, ఒకరోజు ఊడి రోట్లో పడుతుంది. ఆ చివరని కాసేపు నీళ్ళలో పెడితే కర్ర ఉబ్బి బిగుస్తుంది, అప్పటికి పని నడుస్తుంది, కానీ ఆరగానే మళ్ళీ మామూలే, వడ్రంగి దగ్గర చిన్న చీల కొట్టించుకోండి.

చెక్క సామానంతటికీ శత్రువు సింకు. కవ్వం, పప్పుగుత్తి, తెడ్డు, అట్లకర్ర, ఏదైనా సరే నీళ్ళలో నానబెట్టి వదిలేస్తే ఉబ్బుతుంది, తర్వాత ఎండుతుంది, ఆ ఉబ్బడం ఎండటంలోనే చీలికలొస్తాయి, చీలికలో మజ్జిగ మీగడ చేరుతుంది, బూజు అక్కణ్ణించి మొదలు. వాడగానే కడిగి, గుడ్డతో తుడిచి, తల పైకి ఉండేలా నిలబెట్టండి లేదా వేలాడదియ్యండి. మన పెద్దవాళ్ళు కవ్వాన్ని గోడకో స్తంభానికో తగిలించేది అందుకే. డ్రాయర్లో పడుకోబెట్టి మూసెయ్యడం కంటే దానికి పెద్ద శిక్ష లేదు. డిష్‌వాషర్ సంగతి నేను మాట్లాడను.

కొన్నాళ్ళకి చెక్క తెల్లబోయి నూగులా లేస్తుంది. సన్న ఎమిరీ కాగితంతో రుద్ది, తుడిచి, నూనె పట్టించాలి. ఏ నూనె అన్నది అందరూ అడుగుతారు. కొబ్బరి నూనె చెక్కలో ఎప్పటికీ ఆరి పొర కట్టదు, కొన్నాళ్ళకి వాసన రావచ్చు. అవిసె నూనె అలా కాదు, గాలి తగిలి గట్టిపడి చెక్కలోనే పొరలా నిలుస్తుంది, కాబట్టి నా ఓటు దానికే. అయితే తినే అవిసె నూనె కొనండి, పెయింట్ షాపులో దొరికేది వద్దు, దాంట్లో తొందరగా ఆరడానికి లోహాల మందులు కలుపుతారు. పల్చగా రాసి, మిగిలింది తుడిచేసి, కొన్నిరోజులు గాలికి ఉంచండి. జాగ్రత్త, ఆ నూనె గుడ్డని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడెయ్యకండి, దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. నీళ్ళలో తడిపి పరిచి ఆరెయ్యండి. ఇంత గొడవ ఎందుకు అనుకుంటే మెడికల్ షాపులో లిక్విడ్ పారఫిన్ తెచ్చుకోండి, గట్టిపడదు గానీ చెడిపోదు కూడా, అప్పుడప్పుడూ రాసుకుంటూ ఉండాలి.

నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు ఉన్నాయి చూశారా, జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, కూడా ఉంది, వాటికి ఇదంతా వర్తిస్తుంది. ఏటికొప్పాక సామానుకి మాత్రం వర్తించదు. అది అంకుడు కర్ర మీద లక్క పూత. లక్క వేడికి మెత్తబడుతుంది, ఆ మెరుపంతా పోతుంది. ఏటికొప్పాక డబ్బాల్లో యాలకులు పోసుకోండి, పొగలు కక్కే సాంబార్లో మాత్రం వాటిని ముంచకండి.

మట్టివి తొందరగా చెప్పేస్తా, వీటి గురించి అందరికీ కొంచెం తెలుసు. కొనేటప్పుడు చట్టి మీద ఒక నీటిచుక్క వెయ్యండి, చుక్క పీల్చుకుంటే మట్టి, అలాగే నిలబడి జారిపోతే పైన వార్నిషో రంగో ఉన్నట్టు, వంటకి వద్దు. తెచ్చాక ఒకరోజు నీళ్ళలో ముంచి ఉంచి, ఆరాక గంజి కాచాలి. సబ్బు వద్దు, మట్టి పీల్చుకుంటుంది, మర్నాడు చేపల పులుసులో నిమ్మకాయ డిష్‌వాష్ వాసనొస్తుంది. శనగపిండి, పీచు చాలు. కడిగాక పూర్తిగా ఆరకుండా మూత పెట్టకండి. మంచినీళ్ళ కుండకి, తెలంగాణలో రంజన్ అంటారు, ఒక విషయం. నీళ్ళు సన్న రంధ్రాల్లోంచి బయటికొచ్చి ఆవిరవుతుంటే ఆ వేడి లోపలి నీళ్ళనించి పోతుంది, అదీ చల్లదనం. బోరు నీళ్ళు పోస్తే ఉప్పులు ఆ రంధ్రాలకి అడ్డం పడతాయి, బయట తెల్లగా పొక్కులా కనపడేది అదే, బూజు కాదు. అందుకే రెండో ఏడు కుండ అంతగా చల్లబరచదు. పీచుతో రుద్ది ఎండబెడితే కొంత నయం, అయినా కొత్తది కొనండి, ఎంతవుతుంది కనుక, కుమ్మరి వాళ్ళకీ బేరం.

చేటకి వద్దాం. తెలంగాణలో చాట అంటారు. నన్నడిగితే అన్నిటికంటే తెలివైన వస్తువు ఇదే, అన్నిటికంటే ముందు పోయేదీ ఇదే. వెదుర్లో పిండి పదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు దానికోసమే వస్తుంది. మీ చేట కింద షెల్ఫు మీద సన్నటి పసుపుపచ్చ పొడి పడి ఉందంటే పురుగు లోపల ఉన్నట్టు, గుండుసూది బెజ్జాలు కూడా కనపడతాయి. పొగ పట్టిన వెదురుకి ఈ పురుగు బెడద తక్కువ, అటక మీద చేటలు నల్లబడి ఏళ్ళ తరబడి ఉండేవి అందుకే. ఇప్పుడు పొగ లేదు. మేదరి వాళ్ళ దగ్గర కొత్తది కొన్నాక కొన్నిరోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టండి, పిండి పదార్థం కొంత నీళ్ళలోకి దిగిపోతుంది, తర్వాత నీడలో ఆరబెట్టి చివర్న ఎండలో పెట్టండి. క్యాబినెట్లో పెట్టొద్దు, మేకుకి తగిలించండి.

తర్వాత పూత. ఈ చేట వెనక వేలు పెట్టి చూడండి, అల్లిక సందులన్నీ మూసుకుపోయి గట్టి అట్టలా ఉంది. మెంతులు రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బితే జిగురొస్తుంది, పాత కాగితాలు నానబెట్టి దంచి ఆ గుజ్జు కలిపి, చేత్తో పల్చగా అద్దుతూ పూశా. కొన్ని ఇళ్ళలో పేడ అలికేవాళ్ళు, అదీ చూశారు మీలో చాలామంది. ఇప్పటి న్యూస్‌పేపర్ సిరా తిండికి తగలకూడదు కదా, అచ్చు లేని తెల్ల కాగితాలే వాడండి. ఒక పొర ఆరాకే రెండోది, ఒక్కసారే మందంగా పూస్తే ఎండాక పెచ్చులూడుతుంది. దీన్ని నీళ్ళతో కడక్కూడదు, దులిపి పొడిగుడ్డతో తుడవడమే. పూత లేకపోతే రవ్వ చెరుగుతుంటే సగం నేలమీదే.

సరే, ప్రశ్నలు. చెప్పండమ్మా.

...పురుగు పట్టేసిన చేటని ఏం చెయ్యాలీ అని అడుగుతున్నారు. ప్లాస్టిక్ కవర్లో గాలి లేకుండా చుట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టండి. నవ్వకండి, మ్యూజియంల వాళ్ళు చెక్క బొమ్మలకీ బుట్టలకీ చేసేది ఇదే, మైనస్ ఇరవై డిగ్రీల దగ్గర పురుగు, గుడ్లు చచ్చిపోతాయి. తీశాక కవర్ వెంటనే విప్పకండి, మామూలు వేడికి వచ్చాక విప్పండి, లేకపోతే చెమ్మ పడుతుంది. పెద్ద చేట పట్టదంటారా, అయితే ఎర్రటి ఎండలో నాలుగైదు రోజులు తిప్పి తిప్పి పెట్టండి, పూర్తి గ్యారంటీ ఉండదు గానీ చాలావరకు పోతుంది.

ఆ వెనకాయన... అమెరికాలో అమ్మాయికి పంపిస్తున్నారా? రాచిప్ప, రోలు నిక్షేపంగా పంపండి, బరువు మీ ఇష్టం. చెక్కవాటితోనే ఇబ్బంది, చలికాలం హీటర్లకి ఇంట్లో గాలి పొడిబారి కవ్వం చీలుతుంది, నూనె ఎక్కువసార్లు పట్టించమనండి, హీటర్ గాలి వచ్చే కంతకి దూరంగా పెట్టమనండి. పేడ అలికిన చేట మాత్రం సూట్‌కేస్‌లో పెట్టకండి బాబూ.

ఇంకొకటి... మూడో అంతస్తులో ఉంటాం, దంచితే కింది వాళ్ళు గొడవకొస్తున్నారు. ఇది అసలు సమస్య! రోలు కింద రబ్బర్ మ్యాట్, దాని మీద నాలుగు మడతలు వేసిన గోనెపట్టా వెయ్యండి. గది మధ్యలో కాకుండా గోడ మూలకి, పిల్లర్ దగ్గరికి జరపండి, అక్కడ స్లాబ్ అంతగా అదరదు. దంచే పని పగలు పదింటికి పెట్టుకోండి, మధ్యాహ్నం నిద్రల టైమ్‌లో వద్దు. అప్పటికీ వాళ్ళు పైకొస్తే, నూరిన గోంగూర పచ్చడి ఒక గిన్నెలో పెట్టి చేతికివ్వండి, గిన్నె తిరిగిచ్చేటప్పుడు మళ్ళీ ఎప్పుడు దంచుతారు అనడుగుతారు చూడండి.